ఘాట్ దిగుతుంటే డిస్క్ బ్రేక్ వేడెక్కి లీవర్ హ్యాండిల్ దాకా వచ్చేసింది, ఇప్పుడేం చేయాలి?

మీరు అడిగినదాన్ని ముందు క్లుప్తంగా రాస్తాను, తర్వాత చదివేవాళ్లకీ అర్థమవుతుంది. మీ బరువు 84 కిలోలు. మౌంటెన్ బైక్ మీద అరకు నుంచి అనంతగిరి ఘాట్ మీదుగా ఎస్.కోట వైపు దిగారు. ముందూ వెనకా హైడ్రాలిక్ డిస్క్ బ్రేకులు, అంటే ఆయిల్ ఒత్తిడితో పనిచేసేవి. 160 ఎంఎం రోటర్లు, అంటే చక్రంతో పాటు తిరిగే పలచటి స్టీల్ పళ్లాలు. సగం దిగేసరికి వెనక బ్రేక్ కీచుమని అరవడం మొదలుపెట్టింది, కాలిన వాసన వచ్చింది. ఫొటోల కోసం ఆగి, మళ్లీ బయల్దేరి బ్రేక్ నొక్కితే వెనక లీవర్ హ్యాండిల్‌కి తగిలింది. అరగంట ఆగాక మామూలుగానే పట్టింది. ఇంటికొచ్చి చూస్తే రోటర్ నీలంగా మారింది. షాపులో "ఇప్పుడు బాగానే పడుతోంది కదా, ఏం పర్లేదు" అన్నారు. వచ్చే నెల ఇదే సైకిల్ మీద లంబసింగి వెళ్లొచ్చా అన్నది మీ ప్రశ్న.

ఇప్పుడున్న స్థితిలో వెళ్లకండి. రిపేరు పెద్ద ఖర్చేమీ కాదు, భయపడాల్సిన పనీ లేదు. కానీ చల్లారాక లీవర్ గట్టిపడింది కాబట్టి బ్రేక్ బాగైపోయిందనుకోవడం చాలా ప్రమాదం. మీరు రాసిన వాటిలో నాకు టెన్షన్ పెట్టింది వాసన కాదు, రోటర్ రంగూ కాదు, ఆ లీవర్ సంగతే.

వేడికి బ్రేక్ రెండు రకాలుగా ఫెయిలవుతుంది, రెండిటికీ తేడా మీ వేళ్లకే తెలుస్తుంది. లీవర్ గట్టిగానే ఉండి, ఎంత నొక్కినా సైకిల్ ఆగకపోతే ప్యాడ్లు (రోటర్‌ని రెండు పక్కలా ఒరిసి ఆపే ముక్కలు) వేడికి పట్టు కోల్పోయాయని అర్థం. లీవర్ మెత్తగా కిందికి జారిపోయి హ్యాండిల్‌కి తగిలితే కాలిపర్‌లో (చక్రం దగ్గర ప్యాడ్లను పట్టి ఉంచే భాగం) ఉన్న ఆయిల్ మరిగి ఆవిరైందని అర్థం. ద్రవాన్ని నొక్కితే కుదించుకోదు, అందుకే మీ వేలి బలం నేరుగా ప్యాడ్‌ని తోసే పిస్టన్‌కి చేరుతుంది. ఆవిరి బుడగ మాత్రం నొక్కితే కుదించుకుపోతుంది. మీరు లీవర్ మీద పెట్టిన బలమంతా ఆ బుడగను నలపడానికే సరిపోతుంది, ప్యాడ్ కదలదు. చల్లారాక ఆవిరి మళ్లీ ద్రవమవుతుంది, లీవర్ మళ్లీ గట్టిపడుతుంది. షాపులో చూసింది ఆ చల్లారిన బ్రేక్‌ని. నీళ్లు చేరిన ఆయిల్ ఇంకా లోపలే ఉంది. మళ్లీ అంత వేడి తగిలితే మళ్లీ మరుగుతుంది.

ఆగి బయల్దేరాకే లీవర్ ఎందుకు జారిపోయిందని మీకు సందేహం వచ్చే ఉంటుంది. ఇది చాలామందికి తెలియదు. మీరు కదులుతున్నంతసేపూ గాలి రోటర్‌కీ కాలిపర్‌కీ తగులుతూ ఉంటుంది. ఆగగానే గాలి ఆగిపోతుంది, ప్యాడ్లలో పేరుకున్న వేడి మాత్రం పిస్టన్ల గుండా ఆయిల్‌లోకి దిగుతూనే ఉంటుంది. అందుకే ఆగిన మొదటి రెండు మూడు నిమిషాల్లో ఆయిల్ ఇంకా వేడెక్కే అవకాశం ఎక్కువ. వాలు మీద సైకిల్ జారకుండా వెనక బ్రేక్ నొక్కి పట్టుకుని నిలబడి ఉంటే మరీ ఘోరం, వేడి ప్యాడ్లు వేడి రోటర్‌కి అంటుకునే ఉంటాయి. కాబట్టి ఘాట్‌లో ఎక్కడ ఆగినా, మళ్లీ సీటు ఎక్కే ముందు రెండు లీవర్లూ నొక్కి చూడండి. సైకిల్ నిలబడి ఉండగానే తేడా తెలిస్తే అక్కడే ఆగిపోవచ్చు.

ఇప్పుడు ఆయిల్ విషయం. మీ బ్రేక్ ఏ కంపెనీదో రాయలేదు. షిమానో, టెక్ట్రో, మగురా బ్రేకుల్లో మినరల్ ఆయిల్ ఉంటుంది. స్రామ్ వాళ్లు చాలా ఏళ్లు డాట్ ఫ్లూయిడ్ (మోటార్ సైకిళ్లలో పోసే రకం బ్రేక్ ఆయిల్) వాడారు, ఈ మధ్య కొన్ని మోడళ్లు మినరల్ ఆయిల్‌కి మారాయి. హేస్, హోప్ బ్రేకుల్లో ఎక్కువ డాటే. లీవర్ దగ్గర రిజర్వాయర్ మూత మీద ఏది పోయాలో రాసి ఉంటుంది, అది చూడకుండా ఎవరినీ ఒక్క చుక్క కూడా పోయనివ్వకండి. ఒకదాని బదులు ఇంకొకటి పోస్తే లోపలి రబ్బరు సీళ్లు ఉబ్బి బ్రేక్ మొత్తం పాడవుతుంది.

డాట్ ఫ్లూయిడ్‌కి గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉంది. డాట్ 4 కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదన్నది ప్రమాణం. సుమారు 3.7 శాతం నీళ్లు చేరాక అదే ప్రమాణం 155 డిగ్రీలకు పడిపోతుంది. డాట్ 5.1 అయితే 260, 180. విశాఖ లాంటి సముద్రపు గాలి ఉండే ఊళ్లో రెండు మూడేళ్లు మార్చకుండా ఉంచిన డాట్ ఫ్లూయిడ్ ఘాట్‌కి పనికిరాదని నా గట్టి అభిప్రాయం. మినరల్ ఆయిల్ నీళ్లు పీల్చుకోదు, అది మంచిదే. అయితే సీళ్ల దగ్గర నుంచి లోపలికి వెళ్లిన నీళ్లు ఆయిల్‌లో కలవవు, ఆయిల్ కంటే బరువు కాబట్టి అడుగున కాలిపర్‌లోకి చేరతాయి. వేడి ఎక్కువగా ఉండేదీ అక్కడే. ఆ నీటిచుక్క 100 డిగ్రీలకే మరుగుతుంది. "మాది మినరల్ ఆయిల్, జీవితాంతం మార్చక్కర్లేదు" అనే మాట నమ్మకండి.

ఇక మీ సైకిల్‌కి ఏం చేయించాలో చెప్తాను. మొదటిది, వెనక బ్రేక్‌లో ఆయిల్ పూర్తిగా మార్పించాలి. పైపైన కాస్త పోసి బుడగలు తీయడం కాదు, పాతదంతా బయటికొచ్చి కొత్తది శుభ్రంగా కనిపించేదాకా బ్లీడ్ చేయాలి. బయటికొచ్చే ఆయిల్ నల్లగా, మడ్డిగా ఉంటే ఆశ్చర్యపోకండి. లీవర్‌కి రాత్రంతా రబ్బరు బ్యాండు చుట్టి ఉంచితే సరిపోతుందని కొందరు చెప్తారు. దానివల్ల చిన్న బుడగలు పైకి వెళ్లి లీవర్ కాస్త గట్టిపడొచ్చు, కానీ పాడైన ఆయిల్ కొత్తదైపోదు. డాట్ అయితే మోటార్ సైకిల్ స్పేర్ పార్టుల షాపులో దొరికే డాట్ 4 లేదా 5.1 వాడొచ్చు, సీలు తీయని సీసా అయి ఉండాలి. డాట్ 5 మాత్రం వద్దు, అది సిలికాన్ రకం, వేరే. ఎప్పుడో మూత తీసి షెల్ఫులో పెట్టిన సీసా కూడా వద్దు, అందులో అప్పటికే తేమ చేరి ఉంటుంది. డాట్ చుక్క ఫ్రేమ్ మీద పడితే రంగు లేచిపోతుంది, వెంటనే నీళ్లతో కడిగేయండి.

రెండోది ప్యాడ్లు. బయటికి తీసి వెలుతురులో పట్టుకుని చూడండి. మామూలు ప్యాడ్ ముఖం మసకగా, కాస్త గరుకుగా ఉంటుంది. వేడికి దెబ్బతిన్న ప్యాడ్ ముఖం నున్నగా మెరుస్తుంది, గోరు పెట్టి గీస్తే జారిపోతుంది. అంచుల దగ్గర బూడిద రంగు తిరిగి, వేలితో రుద్దితే పొడి రాలుతుంటే ఆ ప్యాడ్‌లో మెటీరియల్‌ని పట్టి ఉంచే రెజిన్ కాలిపోయిందన్నమాట. మెరుపు ఒక్కటే ఉంటే గరుకు కాగితం మీద రుద్ది వాడుకోవచ్చు. అంచులు పొడి రాలుతుంటే పారేయండి. వెనక ఉన్న ఇనుప పలక మీద రంగు బుడగలు లేచి ఉన్నా పారేయండి. ఎలాగూ అంత వేడి తగిలింది కాబట్టి మీ చోట నేనుంటే చూడకుండానే కొత్తవి వేస్తాను, లంబసింగి ప్రయాణంలో అది పెద్ద ఖర్చు కాదు. ప్యాడ్లు తీసినప్పుడే పిస్టన్ల చుట్టూ చూడండి. తడిగా, జిడ్డుగా ఉంటే సీలు పోయింది. అలాంటి కాలిపర్ మీద కొత్త ప్యాడ్లు వేసినా వారంలో ఆయిల్ పట్టేస్తాయి.

మూడోది రోటర్. నీలం రంగు చూసి అందరూ కంగారు పడతారు. ఆ స్టీల్ రంగు మారాలంటే సుమారు 300 డిగ్రీలు దాటాలి, నీలం రావాలంటే ఇంకా పైకి వెళ్లాలి. అంటే ఎంత వేడి తగిలిందో చెప్పే గుర్తు అది. రంగు మారినంత మాత్రాన రోటర్ పనికిరాకుండా పోదు. చక్రం తిప్పి కాలిపర్ సందులో చూడండి, రోటర్ అటూ ఇటూ ఊగుతోందా అని. తర్వాత మందం కొలిపించండి. షిమానో రోటర్ కొత్తది 1.8 ఎంఎం ఉంటుంది, 1.5కి వస్తే మార్చేయమని కంపెనీయే చెప్తుంది. పలచబడిన రోటర్ వేడిని తక్కువ దాచుకుంటుంది, త్వరగా వంకరపోతుంది కూడా. నిటారుగా ఉండి మందం సరిపోతే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి వాడుకోండి. చేతులకు రాసుకునే శానిటైజర్ వద్దు, అందులో చర్మం కోసం కలిపే గ్లిజరిన్ లాంటివి రోటర్ మీద మిగిలిపోతాయి. చైన్‌కి కొట్టే స్ప్రే, డబ్ల్యూడీ 40, కిరోసిన్ ఆ దరిదాపుల్లోకి రాకూడదు.

కొత్త ప్యాడ్లు వేశాక నేరుగా ఘాట్‌కి వెళ్లకండి. ఖాళీ రోడ్డు మీద ఓ మోస్తరు వేగం అందుకుని, బ్రేక్ బాగా నొక్కి, నడక వేగానికి రాగానే వదిలేయాలి. పూర్తిగా ఆపొద్దు. ఒక్కో బ్రేక్‌తో ఇలా ఇరవై సార్లు చేస్తే ప్యాడ్ మెటీరియల్ రోటర్ మీద సమానంగా అంటుకుంటుంది. ఇది చేయకుండా కొండ దిగితే కొత్త ప్యాడ్లు కూడా మొదటి రోజే మెరుపెక్కుతాయి.

ఇంత చేయించినా, పోయినసారి దిగినట్టే దిగితే మళ్లీ ఇదే జరుగుతుంది. అందుకే అసలు విషయం ఇక్కడ రాస్తున్నాను, కాస్త ఓపిగ్గా చదవండి.

మీరూ సైకిలూ బ్యాగూ కలిపి 100 కిలోలు అనుకుందాం. 900 మీటర్ల ఎత్తు దిగారనుకుందాం. ఆ ఎత్తు నుంచి దిగేటప్పుడు వదిలించుకోవాల్సిన శక్తి సుమారు 8 లక్షల 80 వేల జౌళ్లు. 30 డిగ్రీల దగ్గరున్న మూడు లీటర్ల నీళ్లను మరిగే దాకా కాచడానికి అంత శక్తి కావాలి. అందులో కొంత గాలి తీసుకుంటుంది, కొంత టైర్లు తీసుకుంటాయి, మిగిలినదంతా వందా నూటయాభై గ్రాముల రెండు రోటర్లలోకి వెళ్తుంది. గాలికి ఎంత వాటా ఇస్తారు, రెండు రోటర్లకీ సమానంగా పంచుతారా లేదా అన్నది మాత్రం మీ చేతిలో ఉంది.

7 శాతం వాలు ఉన్న తారు రోడ్డు మీద, నిటారుగా కూర్చుని దిగే 100 కిలోల బరువుకి నేను వేసిన లెక్క ఇది. గంటకు 10 కిలోమీటర్ల వేగంతో దిగితే బ్రేకులు మోయాల్సింది దాదాపు 160 వాట్లు. 20 నుంచి 30 మధ్య వేగంతో దిగితే అది 270 నుంచి 300 వాట్లకు పెరుగుతుంది. 40 దగ్గరకొచ్చేసరికి గాలే చాలా భారం మోస్తుంది, బ్రేకుల వాటా 200 వాట్ల లోపుకి దిగిపోతుంది. అంటే భయంతో బ్రేకు సగం పట్టుకుని, 20, 25 వేగంతో కొండంతా ఒకేలా దిగడమే బ్రేకులకు అన్నిటికంటే కష్టం. కాలిన వాసన, నీలం రోటర్ చూస్తే మీరు దిగింది బహుశా అలాగే.

ఈ లెక్క చూసి మలుపుల్లో 40తో వెళ్లమని చెప్తున్నాననుకోకండి. ఎదురుగా రోడ్డు చివరిదాకా కనిపించే చోట, బస్సూ జీపూ ఏదీ లేనప్పుడు, బ్రేకులు పూర్తిగా వదిలి ఛాతీ పైకెత్తి గాలికి అడ్డంగా కూర్చోండి. మలుపుకి బాగా ముందే రెండు బ్రేకులూ గట్టిగా, తక్కువసేపు నొక్కి కావాల్సిన వేగానికి తెచ్చుకోండి. వదలండి. మలుపు తిరగండి. ప్యాడ్ రోటర్‌ని తాకని ప్రతి సెకనూ రోటర్ చల్లారే సమయమే. రోడ్డు తడిగా ఉన్నా, మంచు పట్టి కనిపించకపోయినా, ట్రాఫిక్ ఎక్కువున్నా, లేదా అంత వేగం మీకు ఇష్టం లేకపోయినా ఇంకో దారి ఉంది. నిజంగా నెమ్మదిగా, పదీ పన్నెండు వేగంతో దిగండి, మధ్యమధ్యలో ఆగండి. లంబసింగిలో శీతాకాలం పొద్దున్నే మంచు ఎలా ఉంటుందో మీకు తెలిసిందే, అప్పుడు ఈ రెండో దారే మంచిది. ఆ నడిమధ్య వేగంతో ఎడతెగకుండా రాపిడి పెట్టడం ఒక్కటీ మానేయండి.

ఇంకో విషయం. మీ ముందు రోటర్ రంగు గురించి మీరేమీ రాయలేదు, బహుశా అది మారలేదు. అంటే కొండంతా వెనక బ్రేక్ మీదే దిగారు. ముందు బ్రేక్ వేస్తే పల్టీ కొడతామని చిన్నప్పటి నుంచి అందరూ చెప్పడం వల్ల మనలో చాలామంది ఇదే చేస్తారు. ఫలితంగా ఇద్దరు మోయాల్సిన 300 వాట్లు ఒక్క 160 ఎంఎం రోటర్ మీద పడతాయి. పొడి తారు మీద బండిని బాగా ఆపేది ముందు బ్రేకే, ఎందుకంటే ఆగేటప్పుడు బరువు ముందుకొస్తుంది. ఒక్క వేలితో మెల్లగా ఒత్తిడి పెంచుతూ, నడుము కాస్త వెనక్కి జరిపి, చేతులతో బలంగా ఆనుకుని నొక్కితే పల్టీ కొట్టరు. ఒక్కసారిగా గుంజితే, లేదా చక్రం తిప్పి ఉండగా నొక్కితే, లేదా కంకర మీద నొక్కితేనే ప్రమాదం. మీ వీధి చివర చదును రోడ్డు మీద రోజూ కాసేపు సాధన చేయండి, వారంలో భయం పోతుంది. నా దృష్టిలో కొత్త ప్యాడ్ల కన్నా, పెద్ద రోటర్ కన్నా ఇదే ముఖ్యం.

దారిలో వాసన వచ్చినా, అరుపు మొదలైనా, లీవర్ ప్రయాణం మారినట్టు అనిపించినా అది హెచ్చరికే. తర్వాతి చదును చోట ఆగండి. ఎండలో కాకుండా గాలి తగిలే చోట నిలబెట్టి, లీవర్లు వదిలేసి, పావుగంట నుంచి అరగంట ఆగండి. రోటర్ మీద నీళ్లు పోయకండి, వేడి స్టీల్ మీద ఒక పక్కే చల్లటి నీళ్లు పడితే వంకరపోతుంది. వేలితో తాకి చూడకండి, చర్మం అంటుకుపోతుంది. అనుమానముంటే రెండు చుక్కల నీళ్లు దూరం నుంచి చిలకరించండి. చుయ్యిమని ఎగిరిపోతే ఇంకా ఆగాల్సిందే.

కదులుతుండగానే లీవర్ జారిపోతే గబగబా నాలుగైదు సార్లు కొట్టండి, చాలాసార్లు కాస్త ఒత్తిడి తిరిగొస్తుంది. ఈలోగా రెండో బ్రేక్‌ని క్రమంగా పెంచుతూ లోయ వైపు కాకుండా కొండ వైపుకి రండి. ఎటు వీలైతే అటు మట్టి అంచులోకి, పొదల్లోకి అయినా సరే దింపి ఆపండి. ఆగాక ఆ బ్రేక్ మీద మళ్లీ సవారీ వద్దు. నడిపించుకుంటూ దిగండి, లేదా ఏదైనా ఆటోలోనో జీపులోనో ఎక్కించండి.

మార్పుల్లో డబ్బు పెట్టాలంటే నా వరస ఇదీ: మొదట ముందు చక్రం రోటర్‌ని 180 ఎంఎం చేయండి, అడాప్టర్ వేస్తే పాత కాలిపరే సరిపోతుంది. ముందు చక్రాన్ని పట్టుకునే మీ ఫోర్క్‌కి ఎంత పెద్ద రోటర్ దాకా వేయొచ్చో కంపెనీ చెప్తుంది, అది దాటకండి. తర్వాత ఫ్రేమ్ ఒప్పుకుంటే వెనకదీ 180. ఆ తర్వాతే సింటర్డ్ మెటల్ ప్యాడ్లు, అంటే లోహపు పొడిని వేడితో అతికించి చేసేవి. ఇవి రెజిన్ ప్యాడ్ల కంటే ఎక్కువ వేడి తట్టుకుంటాయి, వానలో తొందరగా అరగవు, కాకపోతే అరుపు ఎక్కువ, వేడిని ఆయిల్ వైపు ఇంకాస్త ఎక్కువ పంపిస్తాయి. అందుకే ఆయిల్ మార్చకుండా ఈ ప్యాడ్లు వేయడం నాకిష్టం లేదు. పైగా చవక సైకిళ్ల మీద వచ్చే షిమానో రోటర్ల మీద "రెజిన్ ప్యాడ్ ఓన్లీ" అని ఇంగ్లిషులో చెక్కి ఉంటుంది. అలాంటి దాని మీద మెటల్ ప్యాడ్లు వేస్తే రోటర్ చూస్తుండగానే అరిగిపోతుంది.

ఈ చర్చలో ఇంకొకరు కేబుల్ డిస్క్ (ఆయిల్ బదులు తీగ లాగితే పనిచేసేది) అయితే ఈ గొడవే ఉండదు కదా అన్నారు. ఆయిల్ ఉండదు కాబట్టి మరిగే సమస్య లేదు, నిజమే. కానీ ప్యాడ్లు పట్టు కోల్పోవడం దానికీ ఉంది. హైడ్రాలిక్‌లో ప్యాడ్ అరిగేకొద్దీ పిస్టన్ తనంతట తానే ముందుకొస్తుంది, చాలా కేబుల్ బ్రేకుల్లో అది మనమే సర్దుకోవాలి. పొడవైన కొండ మీద ప్యాడ్ అరిగి లీవర్ హ్యాండిల్‌కి వచ్చేయడం వాటిలోనూ చూస్తాం. మధ్యలో ఆగినప్పుడు కాలిపర్ దగ్గర నాబ్ ఒకటి రెండు క్లిక్కులు బిగించుకోవాలి.

లేహ్ వెళ్లి ఖర్దుంగ్ లా కనుమ నుంచి అద్దె సైకిళ్ల మీద దిగాలనుకునేవాళ్లకి ఒక మాట. అక్కడ 5,300 మీటర్ల పైన గాలి పలచన. మిమ్మల్ని ఆపే గాలీ తక్కువే, రోటర్‌ని చల్లార్చే గాలీ తక్కువే. ద్రవాలు మరిగే ఉష్ణోగ్రత కూడా పైకి వెళ్లేకొద్దీ కాస్త తగ్గుతుంది. లేహ్ దాకా సుమారు 40 కిలోమీటర్ల దిగుడు. చలిగా ఉంది కదా బ్రేకులు వేడెక్కవనుకోవద్దు. అద్దె సైకిల్ తీసుకునే ముందు లీవర్ నొక్కి ఒక నిమిషం అలాగే పట్టుకుని చూడండి, మెల్లగా లోపలికి జారుతుంటే వేరే సైకిల్ అడగండి.

మీ విషయానికొస్తే, లీవర్ మూత మీద ఏం రాసి ఉందో, రోటర్ మీద ఏ అక్షరాలు చెక్కి ఉన్నాయో ఫొటో తీసి పెట్టండి. ప్యాడ్లు బయటికి తీశాక వాటి ముఖం, అంచులు కనిపించేలా ఇంకో రెండు ఫొటోలు. అవి చూస్తే ఏ ఆయిల్ కొనాలో, ఏ ప్యాడ్లు వేయొచ్చో చెప్పగలను.